ఎల్లుండించడం

నందిగామ బస్టాండులో ఉదయం తొమ్మిది దాటింది. సిమెంటు బెంచీ మీద పుష్పవతి, ఆమె ఒళ్ళో నిద్రపోతున్న మూడున్నరేళ్ళ కొడుకు, పక్కన ఆమె భర్తకి అక్క అయిన భారతీదేవి. ముగ్గురూ బెజవాడ వెళ్ళాలి.

“అది కాదు వదినా, ఎల్లుండైతే ఆయన కూడా వస్తానన్నారు.”

“ఇదుగో, నీ నోటికీ వచ్చేసింది. ఐదేళ్ళు మా తమ్ముడితో కాపరం చేస్తే అంటుకోదూ మరి.”

“ఆయనన్న మాటే చెప్పా. నా మాట కాదు.”

“వాడన్నది నేనూ విన్నాలే. రాత్రి కంచం ముందు కూర్చుని, మిరపకోత మధ్యలో ఉంది, కూలోళ్ళు పన్నెండు మంది దిగారు, ఎల్లుండికల్లా ఓ దారికొస్తుంది అక్కా అన్నాడు. మొహం పైకెత్తితే ఒట్టు. నాన్నే ఉంటే అక్కడికక్కడే, మా చిన్నబాబు ఎల్లుండించాడర్రా అని వీధి చివరిదాకా వినపడేట్టు చెప్పేవాడు.”

“మామయ్యగారి మాట మొదట విన్నప్పుడు నాకు అర్థమే కాలేదు వదినా. కాపరానికొచ్చిన కొత్త. బావి చేంతాడు పీచులు లేచిపోయి, చేదినప్పుడల్లా అరచేతుల్లో గుచ్చుకునేది. మార్చమని ఈయన్ని అడగడానికి మొహమాటపడి అత్తయ్యని అడిగా. అది మూడు నెలల్నించీ ఎల్లుండిస్తున్నాడమ్మా అంది అత్తయ్య. నేను ఎనిమిదితో ఆపేసినదాన్ని కదా. నేను చదవకుండా వదిలేసిన తొమ్మిదో తరగతి పుస్తకంలో మాటేమో అనుకున్నా.”

“ఏ పుస్తకంలోనూ లేదు. నాన్న పుట్టించిందే. ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినాయనకి ఓ మాట పుట్టించడం ఎంతసేపు?”

“నన్ను పిలిచి కూర్చోబెట్టి మరీ చెప్పారు. అరుగు మీద, అచ్చం బళ్ళో చెప్పినట్టే. ‘అమ్మాయ్, రేపు చేస్తా అనేవాడికి ఇంకా కాస్త సిగ్గుంది. తెల్లారేసరికి ఆ రేపు వచ్చి గుమ్మంలో నిలబడి, ఏం చేశావోయ్ అని అడుగుతుంది. ఎల్లుండి అనేవాడికి ఆ బాధ లేదు. తెల్లారి లేచి చూసుకున్నా ఎల్లుండి ఇంకా ఎల్లుండిగానే ఉంటుంది. పని ఎగ్గొట్టినవాణ్ణి నాలుగు తిట్టొచ్చు. ఎల్లుండించినవాణ్ణి తిట్టడానికి లేదు, పాపం చేస్తానంటున్నాడు కదా’ అన్నారు.”

“నాకూ అదే పాఠం చెప్పాడు. దాన్ని వాడని చోటుండేది కాదు మా ఇంట్లో. టైలరు జాకెట్టు ఎల్లుండించాడు, వాన ఎల్లుండించింది, గేదె ఈనడం ఎల్లుండించింది. నా పెళ్ళిచూపుల్లో ఉప్మా పళ్ళెం పట్టుకుని గదిలో తచ్చాడుతున్నానా, లోపలికొచ్చి, ఎల్లుండించకమ్మా, చల్లారిపోతోంది అన్నాడు.”

“అన్నయ్యగారు చల్లారిన ఉప్మానే తిన్నారంటగా.”

“ఇప్పటికీ దెప్పుతారు. అది సరేగానీ, మాట దారి మళ్ళించకు. బస్సెప్పుడు?”

“జగ్గయ్యపేట నుంచి తొమ్మిదిన్నరకి వచ్చేదుంది. అది కిక్కిరిసి వస్తుంది వదినా. పిల్లాడితో ఏం నిలబడతాం?”

“నిలబడదాంలే. కంచికచర్లలో సగం మంది దిగుతారు.”

“పొద్దుట్నించీ వాడి కడుపులో ఏం లేదు. ఎండెక్కితే సోలిపోతాడేమో.”

“ఖాళీ కడుపుతోనే తీసుకురమ్మన్నారని చెప్పాగా. పన్నెండింటికల్లా అయిపోతుంది. మీ అన్నయ్యగారు పొద్దున ఐదింటికే వెళ్ళి చీటీ రాయిస్తానన్నారు. ఆ డాక్టరు పెద్దాయన వారానికొక్కసారే కూర్చుంటాడు. ఇవాళ తప్పితే మళ్ళీ ఏడు రోజులు.”

“ఏడు రోజులేగా.”

“పుష్పా.”

“కాదు, ఊరికే అన్నా.”

“ఊరికే అనడానికి ఏడు రోజుల సంగతి కాదిది. మూడున్నరేళ్ళొచ్చాయి వాడికి. నోట్లోంచి ఒక్క మాట లేదు. మొన్న నేను దిగిన రోజు మీ వీధి పిల్లలు వాణ్ణి మూగోడా అని పిలుస్తున్నారు. నువ్వు వినలేదో, వినీ లోపలికెళ్ళావో నాకు తెలీదు.”

“విన్నా.”

“మరి?”

“పొయ్యి మీద పాలున్నాయి.”

“సరే.”

“అత్తయ్య మాత్రం భయం లేదంటుంది వదినా. మీ తమ్ముడికి ఐదో ఏట గానీ మాటలు రాలేదంట కదా. తండ్రి పోలికే, వీడూ మాటలు ఎల్లుండిస్తున్నాడు అంటుంది. ఎవరొచ్చి అడిగినా అదే చెబుతుంది, వాళ్ళూ నవ్వుతారు. నేనూ నవ్వుతా. ఎంత హాయిగా ఉంటుందో ఆ మాట. ఏడాదిన్నరయింది, దాన్నే పట్టుకుని వేలాడుతున్నా.”

“అమ్మకేం, అంటుంది. చిన్నబాబుకి ఐదో ఏట వచ్చింది మాటలు కాదు, బడికెళ్ళి పాఠం ఒప్పచెప్పడం. రెండో ఏడు నిండకుండానే వాడు నన్ను ‘అక్క కొట్టింది’ అని నాన్నకి పట్టించేవాడు. ఆ దెబ్బలు నాకు గుర్తున్నాయి, అమ్మకి గుర్తులేవు.”

“నిజమా వదినా?”

“ఎందుకంత తెల్లబోతావు? పిల్లలందరూ ఒకేలా ఉంటారా. వీడికి నాలుక కింద తోలు అంటుకుని ఉంటుంది, అందుకే తిరగట్లేదు. మా పక్క వీధిలో సుబ్బమ్మగారి మనవరాలికి అలాగే ఉంటే ఈ డాక్టరే చిన్న కత్తెరతో అంతవరకు కత్తిరించాడు. చుక్క నెత్తురు. సాయంత్రానికి ఐస్‌క్రీం తింది. ఇప్పుడు దాని నోరు మూయించలేక ఇంటిల్లిపాదీ అల్లాడుతున్నారు.”

“కత్తెరంటే లోపలికి పోతుందా?”

“చీమ కుట్టినంత అంటే నమ్మవే.”

“పట్టుకోవాలా వాణ్ణి? ఎవరు పట్టుకుంటారు?”

“నువ్వు పట్టుకోలేకపోతే నేను పట్టుకుంటా. నువ్వు బయట కూర్చో.”

“వాడు నన్నే చూస్తాడు వదినా. ఎవరి ఒళ్ళో ఉన్నా నా మొహమే చూస్తుంటాడు. నేను కనపడకపోతే ఇక వాడికేం అర్థం కాదు.”

“తల్లి మొహం చూడని పిల్లాడెవరే? అసలు ఈ లారీల రొదలో ఎట్లా నిద్రపోతున్నాడో చూడు. ఇందాక ఆ హైదరాబాదు బస్సువాడు హారను కొడితే నా గుండె జారిపోయింది. వీడు కదిల్తే ఒట్టు. నీ ఒళ్ళంటే అంత నిశ్చింత.”

“రాత్రి సరిగా పడుకోలేదు.”

“నువ్వా, వాడా?”

“ఇద్దరం.”

“నీ కళ్ళు చూస్తేనే తెలుస్తోంది. చూడు పుష్పా, నిన్ను కంగారు పెట్టాలని కాదు. చేయగలిగినవన్నీ చేశావు, నేను కాదనను. వస అరగదీసి నాకించావు. చిలక కొరికిన జామకాయ కోసం ఆ ఎండలో తోటలన్నీ తిరిగావంట, అమ్మ చెప్పింది. వేదాద్రి స్వామికి మొక్కుకున్నావు.”

“మొక్కుకున్నా. గంట కట్టిస్తానని.”

“కట్టిద్దువుగాని. ఇవన్నీ ఒకెత్తు, వైద్యం ఒకెత్తు. అదృష్టం కొద్దీ చెవుల సంగతి పోయినేడే తేలిపోయింది, లేకపోతే ఇప్పుడు ఎన్ని భయాలు. బెజవాడ పెద్దాయన మీ అన్నయ్యగారిని మొట్టమొదట అడిగింది అదేనంట. చెవులు చూపించారా అన్నాడంట. చూపించామండీ, డాక్టరు వెనకనించి గంట కొట్టి చూశాడు, పిల్లాడు తిరిగాడు అని ఈయన చెప్పారంట. అయితే చెవులతో పనిలేదు, నాలుకే అయ్యుంటుంది, గురువారం తీసుకురండి, చేసేద్దాం అన్నాడంట.”

“మళ్ళీ చెవులు చూడరా వదినా?”

“ఓసారి చూశాక మళ్ళీ ఎందుకు? ఎదురుగా వందమంది కూర్చుని ఉంటారు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు.”

“ఆ పెద్దాయనే ఒకసారి చూస్తే బాగుండేది.”

“ఎందుకే?”

“ఏం లేదు.”

“ఏం లేదంటూనే చీర కొంగు వేలికి చుట్టి చుట్టి చింపేట్టున్నావు. అసలు నాకు కోపమంతా మా తమ్ముడి మీద. ఆ డాక్టరు ఆ రోజే చెప్పాడు, వినపడుతోంది, ఇక గొంతూ నాలుకా చూపించుకోండి అని. పుష్యమాసం నుంచి పుష్యమాసానికి ఏడాది. నేను ఎన్ని ఉత్తరాలు రాశాను? ప్రతిదానికీ నీ దస్తూరీతో ఒకటే జవాబు. ‘మీ తమ్ముడుగారికి తీరిక చిక్కలేదు, వచ్చే వారం తప్పకుండా.’ అక్షరాలేమో ముత్యాల్లా ఉంటాయి, విషయమేమో అదే ఎల్లుండి. కన్నకొడుకు విషయంలో కూడానా అని నేను ఏడ్చిన రోజులున్నాయి.”

“ఆయన్ని ఏమీ అనకండి వదినా.”

“అనకేం చేయను? మొగుణ్ణి వెనకేసుకు రావడం మంచిదేగానీ...”

“వెనకేసుకు రావడం కాదు. ఆయన తప్పు లేదు. మూడుసార్లు బయల్దేరారు.”

“ఎవరు, చిన్నబాబే?”

“దీపావళి వెళ్ళిన వారం ఒకసారి. పొలం పని మానుకుని, తలంటి పోసుకుని, ఆ తెల్లచొక్కా వేసుకుని, పిల్లాణ్ణి భుజాన ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డారు. వాడి ఒళ్ళు వెచ్చగా ఉంది, ఇవాళొద్దన్నా. ఆయన నుదుటి మీద చెయ్యేసి చూసి, అవునే, కాలుతోంది అన్నారు. జ్వరం లేదు వదినా. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి తీసుకొచ్చా.”

“ఏమిటి నువ్వంటున్నది?”

“రెండోసారి అమావాస్య అన్నా. ఆయనకి అమావాస్యలూ పున్నాలూ పట్టవు, అయినా ఆగారు. మూడోసారి బయటున్నానని చెప్పి మూడు రోజులు వసారాలో చాప మీద కూర్చున్నా. నిజానికి లేను. అత్తయ్య నీళ్ళు పైనుంచి పోస్తుంటే దోసిలి పట్టి తాగా. ఆ పాపం కూడా మూటగట్టుకున్నా.”

“మరి వాడు నాతో ఒక్కమాట చెప్పలేదేం? మొన్న నేను నోటికొచ్చినట్టు తిడితే తలొంచుకుని పడ్డాడే.”

“నేనే చెప్పొద్దన్నా. నవ్వారు. మా నాన్న ఆ మాట పుట్టించిందే నా కోసం, ఇది కూడా నా నెత్తిన పెట్టినా పెద్ద బరువేం కాదులే అన్నారు. అక్క అడిగితే నేనే ఎల్లుండించానని రాసెయ్ అన్నారు. నిన్న రాత్రి మీ ముందు ఆ మాట ఆయన చేత అనిపించింది కూడా నేనే. కోత సంగతి పెద్దమేస్త్రీ చూసుకుంటాడు. ఆయన రాగలరు. నేనే ఆపా.”

“ఎందుకే ఇదంతా?”

“ఆయనా అడిగారు. చెప్పలేదు. సూదికి భయపడుతున్నా అనుకుని ఊరుకున్నారు.”

“నన్నడిగితే నేనూ అదే అనుకుంటా. సూదికి కాక దేనికి?”

“మా పుట్టిల్లు వీరులపాడు కదా. మా పెరటి వెనక దేవమణి అని ఉండేది, మాకు నాట్లకొచ్చేది. దానికో కొడుకు. ఇశ్రాయేలు. నాకన్నా రెండేళ్ళు చిన్న. గోడ మీద కూర్చుని నవ్వుతుండేవాడు. అందరూ ఇశ్రాయేలూ ఇశ్రాయేలూ అని చెయ్యి ఊపేవాళ్ళు. వాడూ ఊపేవాడు. ఓసారి ఎవరో దొరలాసుపత్రికి తీసుకెళ్ళమంటే తీసుకెళ్ళింది. సాయంత్రం బస్సు దిగింది. వెళ్ళేప్పుడు ఇశ్రాయేలు. దిగేప్పటికి చెవిటోడు. అంతే వదినా, మళ్ళీ వాణ్ణి పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. వినపడదని తెలిశాక ఇక పిలవడమెందుకు అనుకున్నారేమో. దేవమణి కూడా మానేసింది. గొడ్ల వెనక తోలేసింది.”

“పాపం. కానీ వాడి సంగతి వేరు కదా తల్లీ. వాడికి నిజంగానే వినపడదు. మనవాడికేం?”

“ముందు రోజు దాకా వాడికి వినపడదని ఎవరికీ తెలీదు వదినా. తెలియనంతసేపూ బాగానే ఉన్నాడు.”

“దానికీ దీనికీ ముడెందుకు పెడతావు? నీకు రాత్రి నిద్ర లేదు, అందుకే ఏవేవో గుర్తొస్తున్నాయి. అదుగో, బోర్డు చూడు. విజయవాడేనా అది?”

“అదే.”

“లే మరి. సంచీ నేను పట్టుకుంటా. వాణ్ణి భుజాన వేసుకో.”

“బెజవాడ, బెజవాడ. కంచికచర్ల, ఇబ్రహీంపట్నం. దిగేవాళ్ళని దిగనివ్వండమ్మా ముందు.”

“కండక్టరు బాబూ, ఇద్దరం, పిల్లాడు. కాస్త చోటివ్వండి. పుష్పా, లేవవేం?”

“వదినా, ఒక్కమాట.”

“బస్సులో చెబుదువుగాని.”

“బస్సులో చెప్పలేను. నలుగురిలో నాకు మళ్ళీ నోరు రాదు. వాడి నాలుక కొయ్యనివ్వకండి.”

“మళ్ళీ మొదటికొచ్చావా?”

“నాలుకలో ఏం లేదు. వాడు ఏడిస్తే నోట్లో వేలుపెట్టి చూశా, ఎన్నిసార్లో. అందరి నాలుకలాగే ఉంది.”

“నువ్వు డాక్టరువా?”

“కాదు.”

“మరి? చీటీ రాయించి అక్కడ ఆయన పడిగాపులు పడుతుంటే ఇక్కడ బస్సు ముందు కూర్చుని నాలుకలో ఏం లేదంటావు. ఏమనుకోవాలి నేను?”

“ఏమన్నా అనుకోండి. కత్తెర మాత్రం వద్దు. ఊరికే కోస్తారు వదినా వాణ్ణి. నా మూలంగా కోస్తారు.”

“నీ మూలంగా ఏమిటి?”

“అమ్మా, ఎక్కుతారా లేదా? డ్రైవరు కోప్పడుతున్నాడు.”

“ఒక్క నిమిషం బాబూ, ఎక్కుతాం. పుష్పా, నాకేసి చూడు. ఏడవకు. ఆ రోజు ఆ డాక్టరు గదిలో నేనూ ఉన్నాను. నీ ఎదురుగా బల్ల పక్కన నిలబడి కళ్ళారా చూశా. నాలుగుసార్లు కొట్టాడు గంట. మొదటిసారి ఏదో పరాకులో తిరగలేదుగానీ, తర్వాత మూడుసార్లూ ఎటు కొడితే అటు టక్కున తిరిగాడు. చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాడు ఆయన. చెవులు బాగుండీ మాట రాకపోతే నాలుక కాక ఇంకేముంటుంది చెప్పు?”

“వాడు నా ఒళ్ళో కూర్చున్నాడు వదినా.”

“కూర్చుంటే?”

“నేను కుడి మోకాలు లేపితే కుడివైపు చూడాలి, ఎడమది లేపితే ఎడమవైపు చూడాలి. ఇంట్లోనే నేర్పా, అత్తయ్య పిలిచినప్పుడు విని తిరిగినట్టుండాలని. తొందరగా నేర్చుకున్నాడు, తెలివైనవాడు. ఆ రోజు గదిలో, మొదటిసారి గంట మోగినప్పుడు ఒక్కసారే నేను మోకాలు కదపలేదు.”